మేస్త్రి కూర్చోవాల్సిన సీటు

ఆ కారుకి కంపెనీ పేరంటూ లేదు. గల్ఫ్‌లో ముహర్రక్ అనే ఊళ్ళో, మా గ్యారేజీ వెనక షెడ్డులో ముగ్గురం కలిసి చేత్తో కట్టిన బండి అది. పైకప్పు లేదు, తలుపులు మోకాలెత్తు, సీట్లు రెండే. మోజు మా కఫీల్‌ది, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానిది. తుక్కు బండిలోంచి ఇంజను తీసి దానికి ప్రాణం పోసింది నేను. మిగతా ఒళ్ళంతా మేస్త్రిది. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చిన రేకుల పనివాడు, యాభై దాటినవాడు. అల్యూమినియం రేకుని ఇసుక సంచి మీద పెట్టి, చెక్క సుత్తితో కొట్టి కొట్టి, ఏడాదిన్నరలో ఆ బండికి ఆకారం తెచ్చాడు. నెత్తిమీంచి విమానం దిగుతుంటే ఆ మోత తగ్గేదాకా సుత్తి ఆపేవాడు. రేకు పలికే చప్పుడు వినపడకపోతే తర్వాతి దెబ్బ ఎక్కడ వెయ్యాలో తెలియదనేవాడు.

చలికాలంలో ఆ బండి మీద సముద్రం వంతెన దాటి, సౌదీ మీదుగా, దుబాయి మీదుగా మస్కట్ దాకా పోవాలని కఫీల్ ముచ్చట. రెండో సీటు మేస్త్రికి అన్నాడు. దారిలో రేకు ఊడినా చిరిగినా చూసుకునే మనిషి కావాలి కదా. ఆయనకి ఒంట్లో బాగోకపోతే నేనుంటానని ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ వీసాలు మాత్రం కొట్టించాడు.

నాకు కడుపు మండింది. దారిలో ఆగితే ఆగేది ఇంజను గానీ రేకులా? పైగా మా కరీంనగర్ దిక్కు గల్ఫ్ మొత్తం దుబాయే. ఆరేళ్ళుగా మా ఊరి లెక్కలో నేను దుబాయిలో ఉన్నాను. ఆ దుబాయి మొహం నేను చూసిన పాపాన పోలేదు.

మేస్త్రి మాత్రం పెళ్ళికి బయల్దేరేవాడిలా సిద్ధమయ్యాడు. సీటు వెనక రేకుని తన వీపుకి ఆనించి చూసుకుని, నడుం నొప్పి వచ్చేచోట ఒంపు తిరిగేలా కొట్టుకున్నాడు. గుదైబియాలో మా గది కింద కొట్లో, గడ్డం కింద కట్టుకునే తాడున్న టోపీ ఒకటి కొన్నాడు. ఇక్కడికొచ్చిన పదకొండేళ్ళలో డ్యూటీకీ గదికీ మధ్య తప్ప ఎటూ తిరగని మనిషి. "నేను చేసిన బండి రోడ్డు మీద ఎలా పోతుందో లోపల కూర్చుని చూడాల్రా అబ్బాయ్," అనేవాడు, రోజుకి ఒక్కసారైనా.

ఆఖరి వారం ఆయిలు మార్చాం, బెల్టులు మార్చాం, నీళ్ళ డబ్బాలు వెనక బిగించాం. బయల్దేరే ముందురోజు నేనే కదిపాను.

"మేస్త్రీ, నిమ్మకాయ మిరపకాయలు కడ్దామా? కొత్త బండి, దూరం పోతున్నది. దిష్టి తాకుతది."

ఆయన పగలబడి నవ్వాడు. "నిమ్మకాయలతో నడుస్తుందేంట్రా బండి? నట్లన్నీ బిగించావో లేదో అది చూడు."

రోజూ నుదుట బొట్టు పెట్టుకునే మనిషి నన్ను చూసి అలా నవ్వడంతో నాకు తల కొట్టేసినట్టయింది. మా దిక్కు కొత్త సైకిలుకైనా కట్టనిదే గడప దాటనివ్వరు. మధ్యాహ్నం కఫీల్ నమాజుకి, మేస్త్రి చాయ్‌కి పోయినప్పుడు ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు గుచ్చి కట్టేశాను. దారం తెగుతుందని ఇనుప తీగ వాడాను. ముందు కడితే కనపడుతుందని బానెట్ లోపల, రేడియేటర్ వెనక, ఫ్యాన్ పక్కనున్న రాడ్డుకి కట్టాను. తిరిగే ఫ్యాన్ దగ్గర తీగ వేలాడకూడదని ఏ మెకానిక్కుకైనా తెలుసు. నాకూ తెలుసు. జానెడు ఎడముంది కదా అనుకున్నాను. ఆయన క్షేమం కోరి కట్టానా, ఆయన మాట చెల్లకూడదని కట్టానా అంటే, రెండోదే ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే వెళ్ళారు. మధ్యాహ్నం కాకముందే బండి లారీ మీద తిరిగొచ్చింది. వంతెన మధ్యలో చెక్‌పోస్టు కూడా దాటలేదట. కుదుపులకి తీగ జారి ఫ్యాన్‌కి చుట్టుకుంది, రెక్క విరిగి రేడియేటర్‌లో దిగబడింది, పైకి లేచిన ముక్క బానెట్‌ని లోపల్నించి పొడిచింది. కఫీల్ తీగ ముక్కని మా ఇద్దరి ముందూ ఎత్తి పట్టుకున్నాడు. దానికింకా రెండు మిరపకాయలున్నాయి.

"యే కౌన్ కియా?" అన్నాడు.

మేస్త్రి ఆ తీగని చూశాడు. ప్లాయరుతో మూడు మెలికలు తిప్పి కొస వెనక్కి మడవడం నా అలవాటు, ఆయనకి బాగా తెలుసు. నా వైపు ఒక్కసారి చూశాడు, అంతే.

అప్పుడైనా ఊరుకోవచ్చు. ఊరుకున్నా సగం తప్పే అయ్యేది. నేను నోరు తెరిచాను. నాకొచ్చిన హిందీలో, ఏమీ ఎరగనివాడిలా, "మా దిక్కు ఇలాంటివి కట్టరు. వాళ్ళ ఆంధ్ర దిక్కు కడతారు," అన్నాను. కఫీల్‌కి మా రెండు దిక్కుల తేడా ఏం తెలుస్తుంది? మేస్త్రి బొట్టు వైపు చూశాడు, నమ్మేశాడు. "ఖలాస్," అని తీగని నేలకేసి కొట్టి లోపలికి పోయాడు. మేస్త్రి కాదనలేదు. ఎందుకు కాదనలేదో ఆయన చెప్పలేదు, అడిగే మొహం నాకు లేదు.

బానెట్ సొట్ట తీసింది మళ్ళీ ఆయనే. వారం రోజులు నా పక్కనే కూర్చుని కొట్టాడు. ఆ సుత్తి చప్పుడు వింటూ నేను రేడియేటర్ మార్చాను. బండి సిద్ధమయ్యాక కఫీల్ నన్ను పిలిచి, సీటు నీదే అన్నాడు. థాంక్స్ చెబుతూ షుక్రన్ అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. దుబాయి చూశాను, మస్కట్ చూశాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన నడుం కోసం కొట్టుకున్న ఒంపు దారంతా నా వెన్నులో తప్పుచోట గుచ్చుకుంటూనే ఉంది.

నేను బయల్దేరిన పొద్దున మేస్త్రి బానెట్ ఎత్తి, రేడియేటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, అంతా తడిమి చూశాడు. తర్వాత నా పక్కకి వచ్చి, కఫీల్‌కి వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"లోపల ఏమీ కట్టలేదు కదరా?"

కోపంగా కాదు, అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగాడు. లేదని తలూపాను. ఆయన సంచిలోంచి ఆ టోపీ తీశాడు.

"ఎండ మొహాన కొడుతుంది. ఉంచు."

కఫీల్ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. నిజం చెప్పడానికి ఇంకా సమయం ఉంది. నేను టోపీ తీసుకుని తలకి పెట్టుకున్నాను. నాకు తాడు ముడిపడకపోతే, గడ్డం కింద ఆయనే కట్టాడు.