కోదండరామయ్యగారి షుగర్ టెస్టు

గుండుగొలను కోదండరామయ్యగారికి షుగర్ లేదు. ఏనాడూ లేదు. అయినా ఏడాదిన్నరపాటు ఆయన పంచదార లేని టీ తాగుతూ, బెల్లం ముక్క ముట్టకుండా బతికారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

నేను ఏలూరులో ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తాను. ఆయనకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ తెల్లారేసరికి చేను గట్టు మీదుండే మనిషి. బుగ్గ లోపల పుండు పడితే ఆపరేషన్ చేయించారు. అది క్యాన్సర్ అని ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయనకు తప్ప. మళ్ళీ వస్తోందేమో కనిపెట్టడానికి మూడు నెలలకోసారి రక్తం తీసి హైదరాబాదు పంపాలి. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడే కొడుకు ఫణికిరణ్ నన్ను వీధి అరుగు దగ్గర ఆపాడు.

"షుగర్ టెస్టని చెప్పండి మేడమ్. నిజం తెలిస్తే నాన్నగారు మంచం పట్టేస్తారు."

మంచం పడతారట! మూడుసార్లు చేను నీట మునిగినా పడని మనిషి. నేనైనా కాదనొద్దా? బుద్ధి గడ్డి తిని సరేనన్నాను.

ఆయన ఎంత నమ్మారని! వెళ్ళినప్పుడల్లా చొక్కా చెయ్యి మడిచి, రాత్రి అన్నం కూడా మానేశానని, ఈసారి తప్పకుండా తగ్గి ఉంటుందని చెప్పేవారు. రిపోర్టు వచ్చాక తగ్గిందండీ అనేదాన్ని. ఐదుసార్లు అన్నాను, సిగ్గు లేకుండా.

ఆరోసారి రక్తంలో క్యాన్సర్ ఆనవాళ్ళు కనిపించాయి. ఆయన్ని చూసే డాక్టరుగారి గది మా ల్యాబు మేడ మీదే. తండ్రీ కొడుకులు వచ్చిన రోజు రిపోర్టు తీసుకుని నేనూ వెళ్ళాను. డాక్టరుగారు ఆయన దవడ కింద తడిమి ఆగిపోయారు. గోళీకాయంత గడ్డ. ఎన్నాళ్ళయిందని అడిగితే, రెండు నెలలన్నారు కోదండరామయ్యగారు.

డాక్టరుగారికి కోపం వచ్చింది. "నోట్లో క్యాన్సర్ వచ్చిన మనిషి మెడలో గడ్డ చూసుకుని రెండు నెలలు ఊరుకుంటారా? అప్పుడే వస్తే ఈ గడ్డ ఒక్కటి తీసేస్తే పోయేది. ఇప్పుడెక్కడిదాకా పాకిందో స్కాన్ తీస్తేగాని చెప్పలేను."

కోదండరామయ్యగారు కొడుకు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"నాకు షుగరన్నారండీ. షుగర్‌కి మెడ చూసుకోవాలని నాకెలా తెలుస్తుందండీ?"

అంతా మీ మంచికేనని ఫణికిరణ్ గొణిగాడు. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది నాకు. మరుక్షణమే నా చెంప సంగతి గుర్తొచ్చింది.

"చేలో నాలుగాకులు పండుబారితే ముందు నాకే చెప్తావు కదరా" అన్నారాయన. "నా మెడకి ఆపాటి విలువ లేదా?"

ఆయన తన కుర్చీ నా వైపు జరుపుకుని, ఆ రిపోర్టులో ఏముందో చదవమన్నారు. ఒక్క ముక్క దాచకుండా మొత్తం చదివాను.