పెనుకొండ గొర్రె రాసిచ్చిన మందు

ఒక గొర్రెను నమ్ముకుని ఒక మనిషి కాలు పోగొట్టబోయిన ఘనత నాది. నవ్వేవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టినా నాకేం అభ్యంతరం లేదు, ముందు ముందు ఇంకా ఉంది.

ఎస్టీడీ బూత్‌ల కాలం అది. హిందూపురంలో ఒక డాక్టరు గారి ల్యాబులో టెక్నీషియన్‌గా కొత్తగా చేరాను. రోజూ పెనుకొండ నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చిపోయేదాన్ని. రోగి పుండులోని చీము తీసి, రక్తం కలిపిన జెల్లీ పోసిన ప్లేటు మీద రుద్దితే అందులోని క్రిములు పెరుగుతాయి. క్రిమి ఏదో తేల్చాక దాన్ని ఇంకో ప్లేటు నిండా పరిచి, రకరకాల మందులు అద్దిన కాగితపు బిళ్ళలు పైన పెట్టాలి. ఏ బిళ్ళ చుట్టూ క్రిమి పెరగకుండా ఖాళీ మిగిలితే ఆ మందు పనిచేస్తుందన్నమాట.

మా డాక్టరు గారు ఆ ప్లేట్లను బెంగళూరు నుంచి తెప్పించేవారు. గొర్రె రక్తంతో మనమే చేసుకోవచ్చని పుస్తకంలో ఉంటే బెంగళూరు దాకా ఎందుకని నేను పట్టుబట్టాను. నేను పట్టుబడితే మా ఇంట్లో పిల్లి కూడా పక్కకు తప్పుకుంటుంది.

మా వీధిలో గంగవ్వకు ఒక గొర్రె ఉండేది. దాన్ని మనవరాలికన్నా ముద్దుగా చూసుకునేది. చిన్న సీసాడు రక్తమేనని నేను చాలా బతిమాలితే చివరికి ఒప్పుకుంది. చెప్పిన రోజు పొద్దున్నే వెళ్ళి, ఆవిడ పట్టుకుంటే నేను తీశాను. రక్తం గడ్డకట్టకుండా గాజుపూసలు వేసిన సీసాను రైలెక్కాక కూడా ఊపుతూనే ఉన్నాను. అదేమిటని పక్కాయన అడిగాడు. నిజం చెప్పాను. హిందూపురం దాకా ఆ బెంచీ మొత్తం నాదే.

ఆ వారమే ధర్మవరం నుంచి ఓబులేసన్న వచ్చాడు. పట్టుచీరలు నేసే మనిషి, కుడి పాదం మీద పుండు, వాపు పైకి పాకుతోంది. గుంటలో దిగి కాలితో తొక్కితేనే మగ్గం నడిచేది. ఒక పెళ్ళికూతురి చీర సగంలో ఆగిపోయి ఉంది.

అతని చీములోని క్రిమిని బెంగళూరు ప్లేటు మీద పెంచి, అది స్ట్రెప్టోకాకస్ అని తేల్చాను. అంతవరకు బుద్ధిగానే ఉన్నాను. మందుల పరీక్షకు మాత్రం నా గొర్రె ప్లేటు తీశాను. మర్నాడు చూస్తే అది కడిగిన అద్దంలా ఉంది, ఎక్కడా ఒక్క క్రిమి పెరగలేదు. తెలివున్నవాళ్ళు ఇక్కడ అనుమానపడతారు. నేను స్కేలు తీశాను. ప్రతి బిళ్ళ చుట్టూ ఖాళీ ప్లేటు అంచుదాకా ఉందని కొలిచి, అన్ని మందులూ పనిచేస్తాయని రాసేశాను. కొత్త ప్లేటు మీద ముందు మామూలు క్రిమి ఒకటి పెంచి చూసుకోవాలనీ ఆ పుస్తకంలోనే ఉంది, తర్వాతి పేజీలో. అందాకా నాకు ఓపిక ఉంటే కదా!

"ఇంత మంచి క్రిమిని నా సర్వీసులో చూడలేదమ్మా. ఇంకోసారి చూస్తావా?" అన్నారు డాక్టరు గారు.

"చూసినాను సార్. స్కేలు పెట్టి కొలిచినాను."

ఆయన పెన్సిలిన్ ఇంజెక్షన్ రాయబోతుంటే ఓబులేసన్న చేతులు జోడించాడు. "మాత్రలు ఎన్నిచ్చినా మింగుతా సార్, సూది మాత్రం వద్దు." రిపోర్టు ప్రకారం అన్నీ ఒకటే కాబట్టి డాక్టరు గారు మాత్రలే రాశారు.

కొన్నాళ్ళకు ఇద్దరు పట్టుకుంటే గానీ నడవలేని స్థితిలో తిరిగొచ్చాడు. మాత్రలు సరిగ్గా వేసుకోలేదేమోనని అతన్నే దబాయించాను.

"అన్నీ మింగినానమ్మా. పెండ్లోళ్ళు చీర కోసరం ఇంటికాడ కూర్చోనుండారు. కాలు పోతే నేను మగ్గం యాడ తొక్కేది?"

నాకు ఏడుపొచ్చింది. ఏడవడం తర్వాత, ముందు తప్పెక్కడో తేల్చాలనుకున్నాను. డాక్టరు గారు అతన్ని అక్కడే పడుకోబెట్టి, పరీక్ష రెండు రకాల ప్లేట్ల మీదా చేయమన్నారు, మందు లేని ఉత్త బిళ్ళ కూడా ఒకటి పెట్టమన్నారు. మర్నాటికి బెంగళూరు ప్లేటు మీద క్రిమి ఆ మాత్రల మందు బిళ్ళను ఆనుకుని మరీ పెరిగింది. పెన్సిలిన్ చుట్టూ మాత్రం వెడల్పాటి ఖాళీ. నా గొర్రె ప్లేటు మీద ఎప్పట్లాగే ఏమీ లేదు, ఉత్త కాగితం చుట్టూ కూడా.

"అయితే ఓబులేసుకు ఈ కాగితమే రాసిద్దామా అమ్మా?" అన్నారు డాక్టరు గారు.

ఓబులేసన్న కళ్ళు మూసుకుని పెన్సిలిన్ వేయించుకున్నాడు. నేను సాయంత్రం రైలు దిగి నేరుగా గంగవ్వ దగ్గరికి పోయాను. గొర్రెకేమైనా పెట్టావా అని అడిగితే ఆవిడ దాచలేదు.

"నువ్వు గుచ్చినకాడ సీము పడుతుందేమోనని, నువ్వొచ్చేదానికి ముందే పశువుల కాంపౌండరుతో పెన్సిలిన్ సూది ఏపించినా పాపా."

అంటే ఓబులేసన్నకు సరైన మందును ఆ గొర్రె రక్తంలోనే పెట్టుకుని తిరుగుతోంది, నేనేమో స్కేలుతో కొలుస్తున్నాను. ఈ సంగతి విని డాక్టరు గారు, ఇకమీదట రిపోర్టు మీద సంతకం గొర్రెతోనే పెట్టించమన్నారు. ఓబులేసన్న కాలు నిలబడింది, చీర పెళ్ళికి అందింది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

పట్టుదల మాత్రం పోలేదు. కొన్ని నెలలాగి, గొర్రెకు సూది వేయించొద్దని ముందురోజే చెప్పి, మళ్ళీ సీసా పట్టుకుని గంగవ్వ ఇంటికి వెళ్ళాను. ఈసారి ముందే అడిగాను.

"సూది ఏపించినావా అవ్వా?"

"ఒట్టు పాపా, ఏపించలేదు. నువ్వు సూది వద్దంటివని మాత్రలు నూరి సంగటిలో కలిపి పెట్టినా."

ఆ గొర్రె నెత్తిన చెయ్యి పెట్టి అక్కడే ప్రమాణం చేశాను. రెండు కాళ్ళదైనా నాలుగు కాళ్ళదైనా, ఏ ప్రాణి రక్తం ముట్టుకునే ముందైనా అది మింగిన మందులన్నీ అడిగి తెలుసుకుంటాను, ఖాళీ ప్లేటును చూసి ఈ జన్మలో స్కేలు తీయను. తర్వాత ఖాళీ సీసాతో రైలెక్కాను. హిందూపురం దాకా నాకు సీటు దొరకలేదు.