షట్టర్ మీద కట్టిన పాట

సంధ్యారాణికి పిచ్చెక్కిందని, బట్టల మిల్లుల పనికి ఇంతదూరం వలసొచ్చిన మా తెలుగోళ్ల వాడలో చాలామందే అన్నారు. వాళ్ల మొహాలు! పక్కింట్లో ఉండి చూసినదాన్ని, నన్నడగండి చెబుతాను.

పల్సానా దగ్గర చీరలు మడతపెట్టే కార్ఖానాలో అక్కాచెల్లెళ్లిద్దరూ పనిచేసేవారు. పని మధ్యలో ఎవరూ బయటకు పోకుండా సేటు షట్టర్ దించి తాళం వేయించేవాడు. నిప్పంటుకున్న రోజు కూడా తాళం వేసే ఉంది. సంధ్యను కిటికీ విరగ్గొట్టి లాగారు. చెల్లెలు కరుణ లోపలే ఉండిపోయింది. తప్పు పనివాళ్లదేనని సేటు చెప్పాడు, ఆ మాటే నిలిచింది.

ఆ తర్వాత మా వాడ ఉన్న పర్వత్ పాటియాలో ఏ దుకాణం షట్టర్ దించినా సంధ్యకు ఊపిరి అందేది కాదు. మాట పడిపోయింది. ఒకరోజు మా ఇంట్లో చీరల డబ్బా అట్ట మీద పెన్సిల్‌తో నాలుగు ముక్కలు గీసి నా ఒళ్లో పడేసింది. కరుణ జడ గురించి. చదివి నేను ఏడుస్తుంటే, తను చాయ్ తాగి పడుకుంది మహాతల్లి. ఎన్నాళ్లకో కునుకు పట్టింది. ఇక అట్ట కనబడితే చాలు, రాసేది. రాస్తూ రాస్తూనే మాట తిరిగొచ్చింది.

సద్దుల బతుకమ్మకు కరుణ మీద కట్టిన పాట తనే ఎత్తుకుంటానంది. కులపెద్ద బుచ్చిరాములు గుండెలో రాయి పడింది. లైట్లు, మైకు పెట్టించింది ఆ సేటే మరి. ముందు కుర్చీ ఆయనదే. పూల పాటలు పాడుకో బిడ్డా అని బతిమాలాడు.

"గా పాట మింగితే నాకు మల్ల నోరు పడిపోతది పెద్దబాపూ. పాడుత," అంది.

పాడింది.

"చెల్లె లోపలుండె ఉయ్యాలో
బయట తాళమేసె ఉయ్యాలో
సేటు ఇంటికి పోయె ఉయ్యాలో"

బుచ్చిరాములు మైకు వైరు పీకేశాడు. బతుకమ్మకు మైకెందుకండీ? ఒకరు ఎత్తుకుంటే చుట్టూ తిరిగేవాళ్లంతా అందుకోవాల్సిందే. అయినా మేమంతా ముందు సేటు కుర్చీ వైపే చూశాం, నేను కూడా. ముందు అందుకున్నది బుచ్చిరాములు భార్య పద్మారాణి. ఆ వెనకే అందరం.

తెలుగు రాని సేటుకు పాటలో 'సేటు' అన్నది మాత్రం వినబడింది. తనను పొగుడుతున్నారనుకుని మురిసిపోయి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ఏం పాడుతున్నారని అడిగితే బుచ్చిరాములు మైకు వైరు చుట్టుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. సంధ్యే వెళ్లి ఆ కుర్చీ ముందు నిలబడి, హిందీలో ఒక్కో ముక్కా విడమరిచి చెప్పింది.

"మా చెల్లె లోపలుండంగ నువ్వు బయట తాళమేయించినవని పాడుతున్నం సేటూ."

ఆయన చేతులు ఆగిపోయాయి. వెనక మేమంతా ఉయ్యాలో అన్నాం.