హెచ్‌డీలో మా క్వాయర్, మైక్‌లో నేను

ఈమధ్య భిలాయ్‌లో నన్ను చూసి నవ్వేవాళ్ళు ఎక్కువయ్యారు. మొన్న ఆదివారం చర్చి హాల్లో ఉన్నవాళ్ళు ఎలాగూ నవ్వుతున్నారు. లేనివాళ్ళకి నేనే చెప్పేస్తాను. వేరేవాళ్ళు చెప్తే ఇంకో నాలుగు కలిపి చెప్తారు, అసలుకే నా పరువు అంతంతమాత్రం.

సంగతేంటంటే, మా తెలుగు చర్చి క్వాయర్ టీవీలో వచ్చింది. నిజం టీవీ! హైదరాబాద్‌లో ఒక చానల్ వాళ్ళు క్రిస్మస్ ముందు బయటి రాష్ట్రాల తెలుగువాళ్ళతో పాటల ప్రోగ్రామ్ పెట్టారు. మావాళ్ళు పట్టుచీరలూ కోట్లూ పెట్టెల్లో సర్దుకుని రైలెక్కి వెళ్ళి, ఒక్క పాట పాడి వచ్చారు. క్వాయర్ మాస్టర్ మా మావయ్య, అంటే మా ఆవిడ కరుణ వాళ్ళ నాన్న. స్టీల్ ప్లాంట్‌లో రిటైరై ఇక్కడే క్యాంప్ వన్‌లో ఉంటారు. ఇక క్వాయర్ కూడా వదిలేస్తానన్నారు. అందుకని ఆదివారం ఆయనకి సన్మానం పెట్టి, టీవీలో వచ్చిన ఆ పాటని పెద్ద తెర మీద వేసి అందరికీ చూపిద్దామనుకున్నారు. చానల్ వాళ్ళేమో ఒక్కసారే వేస్తామన్నారు.

"ఎవరైనా రికార్డు చేసిపెడతారా?" అని పాస్టర్ గారు అడిగారు. ఆయన మాట పూర్తి కాకముందే నా చెయ్యి లేచింది.

ఎందుకు లేవదు? మేముండే నెహ్రూ నగర్ మొత్తానికి కంప్యూటర్‌లో హెచ్‌డీ టీవీ చూసేవాణ్ణి నేనొక్కణ్ణే అని నా నమ్మకం. రాయ్‌పూర్ వెళ్ళి మరీ, టీవీ బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్డు కొన్నాను. కొత్త రాష్ట్రం వచ్చాక అక్కడ దొరకనిది లేదు. షాపువాడు "భయ్యా, ఏక్‌దమ్ సినిమా హాల్ జైసా!" అన్నాడు. నాకు ఆ ఒక్క మాట చాలు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ యాంకర్ ముక్కు మీద చెమట చూపించేవాణ్ణి. "చెమట కనిపిస్తోందా? ఇదీ హెచ్‌డీ అంటే!" అనేవాణ్ణి. పాపం, టీ తాగడానికి వచ్చినవాళ్ళు చెమట చూసి వెళ్ళేవారు.

మావయ్యకి మాత్రం నా కంప్యూటర్ అంటే చిన్నచూపు. ఎప్పుడొచ్చినా "ఏటల్లుడుగారూ, ఆ డబ్బా ఇంకా పనిచేస్తందా?" అంటారు. ఈ రికార్డింగ్‌తో ఆ మాట మాన్పించాలని నా పంతం. నేను ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ వాణ్ణి. ఏ తీగ ఎక్కడ పెట్టాలో నాకొకరు చెప్పాలా?

ప్రోగ్రామ్ రోజు సాయంత్రం అన్నీ రెడీ. సెట్‌టాప్ బాక్స్ నుంచి బొమ్మ తీగలు కంప్యూటర్ కార్డుకి, సౌండ్ తీగ మాత్రం తిన్నగా స్పీకర్లకి పెట్టాను. రికార్డ్ బటన్ నొక్కి, నేనూ కరుణా కుర్చీలు లాక్కుని మానిటర్ ముందు కూర్చున్నాం. అబ్బ, ఏం బొమ్మండీ! ఒక్కొక్కరి చీర అంచూ, టై ముడీ, పళ్ళ సందులూ కూడా స్పష్టం. అంత స్పష్టంగా కనిపిస్తుంటే నోరు ఊరుకుంటుందా? పాట అయ్యేదాకా క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాను. కరుణ నవ్వుతూనే "ఊరుకోండి" అంటోంది.

అయిపోయాక చెక్ చేశాను. చెయ్యలేదనుకునేరు! ముందుకీ వెనక్కీ తిప్పి, ఆపి, పెద్దది చేసి చూశాను. సౌండ్ వినాలంటే స్పీకర్ల తీగ బాక్స్ నుంచి పీకి కంప్యూటర్‌కి తగిలించాలి. "సౌండ్‌కేముంది, ఎలాగూ వచ్చుంటుంది" అనుకుని వదిలేశాను. 

ఆదివారం వచ్చింది. ఆ ఫైలు సీడీలో పట్టదు, వేరే కంప్యూటర్లలో నడవదు. అందుకని సీపీయూనే స్కూటర్ మీద తీసుకెళ్ళాం. కరుణ దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. మావయ్య గేటు దగ్గరే చూసి, "డబ్బాకి చలేస్తందేటి?" అన్నారు. "ఇంకో అరగంట ఆగండి మావయ్యా" అని మనసులోనే అనుకున్నాను.

హాలు నిండిపోయింది. దండలు వేశారు, మాట్లాడారు. ప్రొజెక్టర్ పెట్టారు, చర్చి పెద్ద స్పీకర్లు నా సీపీయూకి తగిలించారు. నేను లేచి హెచ్‌డీ గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చి ప్లే నొక్కాను. తెర మీద క్వాయర్ కనపడగానే హాలంతా చప్పట్లు! మావయ్య కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

అప్పుడు స్పీకర్లలోంచి, చర్చి అదిరిపోయేలా, నా గొంతు వచ్చింది.

"అదిగో, డేనియల్ గారిని చూడు! నోరు కదుల్తోంది గానీ ఒక్క ముక్క బయటికి రావట్లేదు. పెళ్ళిలో పాన్ నములుతున్నట్టు లేదూ!"

వెనకాల ఎక్కడో సన్నగా పాట వినిపిస్తోంది. ఆ వెంటనే కరుణ గొంతు. "పాపం, ఆయనకి గొంతు బాలేదటండీ."

"ఎప్పుడు బాగుంది?"

ఏం జరిగిందో నాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. వైజాగ్‌లో ఉన్న మా అక్కతో కంప్యూటర్‌లో మాట్లాడ్డానికి నేను ఎప్పుడో మైక్ పెట్టాను. సౌండ్ తీగేమో కంప్యూటర్‌కి పెట్టకుండా తిన్నగా స్పీకర్లకి పెట్టేశాను. టీవీ నుంచి బొమ్మ తీసుకున్న నా డబ్బా, సౌండ్ మాత్రం నా నోటి నుంచి తీసుకుంది!

"పాస్టరమ్మగారు కీబోర్డు వాయిస్తున్నారా, చపాతీపిండి కలుపుతున్నారా?" అంది స్పీకరు. పాస్టర్ గారు నావైపు చూశారు. నేను స్టాప్ నొక్కాను. నొక్కాను, నొక్కాను! ఫైలు పెద్దది కదా, కంప్యూటర్ బిగుసుకుపోయింది. బొమ్మ ఆగింది, గొంతు ఆగలేదు. ఆగిన బొమ్మ కూడా ఎక్కడ? మావయ్య చెయ్యి పైకెత్తిన చోట.

"మా నాన్నని ఏటీ అనకండి" అంది స్పీకర్లోంచి కరుణ.

"ఏమీ అనట్లేదు. ఆ చెయ్యి చూడు, అచ్చం క్రేన్‌కి సిగ్నల్ ఇస్తున్నట్టు లేదూ!"

అప్పటికి సౌండ్ తీగ నా చేతికి దొరికింది, పీకేశాను. నా పక్కనే ఉండాల్సిన కరుణ ఎప్పుడో వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయాను. మావయ్య ఇన్నేళ్ళ పాటకి మిగిలిన ఒకే ఒక్క గుర్తు అది. దాన్ని నేను బూడిద చేశాను.

మావయ్య మెల్లిగా లేచారు.

"అల్లుడుగారు సరిగ్గానే పట్టీసారు. ప్లాంట్‌లో సర్వీసంతా క్రేన్లకి సిగ్నల్ ఇచ్చీసేను. ఒక్క రోజు కూడా ఎవడి నెత్తి మీదా ఏటీ పడనియ్యలేదు" అన్నారు. హాలంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఆయన క్వాయర్ వైపు తిరిగి, "బొమ్మ రానీండి. పాట మనకొచ్చు కదేటి" అన్నారు.

కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను, ఈసారి సౌండ్ లేకుండా. తెర మీద వాళ్ళ పెదాలు కదులుతుంటే, కింద నిలబడి వాళ్ళే పాడారు. డేనియల్ గారు నన్నే చూస్తూ, కొండనాలుక కనపడేలా నోరు తెరిచి పాడారు.

అందరికీ క్షమాపణ చెప్పుకున్నాను. కొందరు నవ్వారు, పాస్టరమ్మగారు నవ్వలేదు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు రూతమ్మ ఆంటీ ఇంటికొచ్చింది. క్వాయర్‌లో మొదటి వరసలో నిలబడి పాడే ఆవిడ. టీవీ కోసమని కొత్త చీర కూడా కొనుక్కుంది. మొహం గంటు పెట్టుకునే కూర్చుంది.

"అందరి మీదా ఏదోటన్నావు బాబూ. నామీద ఒక్క ముక్కయినా అన్నేదేటి? నేను అవుపడ్నేదా?"

తిట్టనందుకు కూడా తిట్లు తినే మొనగాణ్ణి నేనే అనుకుంటా. తెలివిగా తప్పించుకుందామని, "మీరు చాలా బాగా పాడారాంటీ. అనడానికేం దొరకలేదు" అన్నాను.

ఆవిడ మొహం వెలిగింది. "అవునా? మరి మధ్యలో నేనొక్కద్దాన్నే పాడిన చరణం ఎలాగుంది?"

ఏ చరణం? ఆవిడ చీర అంచులో జరీ ఎంతుందో చెప్పమంటే చెప్తాను. పాట మాత్రం నా చెవిన పడితే కదా! నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి కరుణ జవాబు చెప్పింది.

"ఈయన నోరు మూసుకుని వినుంటే, ఆ మైకులోనే పాటంతా రికార్డయిపోయుండేది ఆంటీ!"

ఆంటీ నావైపు చూసింది. నేను లేచి టీ పెట్టడానికి వెళ్ళాను.