నేను చదివి వినిపించని పేరా

బాపట్లలో ఒక కాలేజీ వాళ్ళు పిలిస్తే, లా చదవబోయే పిల్లలతో మాట్లాడటానికి వెళ్ళాను. పెద్ద పెద్ద కంపెనీల పనులు చూసే లా సంస్థలో రాణించాలంటే ఏయే లక్షణాలు ఉండాలో చెప్పమన్నారు. ప్రతి అక్షరం ఓపిగ్గా చదవాలన్నాను. క్లయింటు వ్యాపారం అర్థం చేసుకోవాలన్నాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ఎదుటివాళ్ళకి మనల్ని చూడగానే నమ్మకం కలగాలని కూడా నోటిదాకా వచ్చింది కానీ, మింగేశాను. ఆ లక్షణం నాకు కాస్త ఎక్కువే ఉంది. దానితో నేనేం చేశానో ఆ పిల్లల ముందు చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

మాది తెనాలి. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు. నాన్నది చీరల కొట్టు. రేపల్లె దగ్గర పల్లెటూరి నుంచి ఒక నేతాయన మాకు చీరలు తెచ్చేవాడు. నేనాయన్ని బాబాయ్ అనేదాన్ని. నాన్నకీ ఆయనకీ మధ్య ఏనాడూ కాగితం లేదు. "ఈ రంగువి కావాలి" అని నాన్న, "సరేనండి" అని ఆయన, అంతే. చేపలు ఒకదాని వెనక ఒకటి పోతున్నట్టుండే అంచు ఆయన ప్రత్యేకత. వాళ్ళ నాన్న గీసిన డిజైను అది. దాని ప్రకారం చిల్లులు పొడిచిన అట్టలు ఆయన మగ్గం మీద ఎప్పుడూ వేలాడుతూ ఉండేవి. ఆ చిల్లుల్ని బట్టే అంచులో చేపలు పడతాయి. నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసి, ఆ అంచుతోనే ఒక చీర నేసి తెచ్చి ఇచ్చాడు.

హైదరాబాదులో లా సంస్థలో చేరిన మూడో ఏడు, మా క్లయింటు ఒకటి, బట్టల కంపెనీ, మా వైపు నేతవాళ్ళతో ఒప్పందాలు చేసుకోవాలనుకుంది. "మీ ఊళ్ళేగా, నువ్వెళ్ళు" అన్నారు మా సీనియర్ మేడమ్. పొంగిపోయాను. ఆఫీసులో నా తెలుగుకి గిరాకీ రావడం అదే మొదటిసారి.

ఒప్పందం మొత్తం ఇంగ్లీషు. బాబాయ్ ఇంటి అరుగు మీద కూర్చుని పేరా తర్వాత పేరా తెలుగులో చెప్పాను. ఎప్పటికల్లా చీరలు ఇవ్వాలి, నూలు ఎవరు తేవాలి, ఇలా. ఒక పేరా దగ్గర ఆగాను. ఆయన దగ్గర ఇప్పటికే ఉన్న డిజైన్లతో సహా అన్నీ కంపెనీకే చెందుతాయనీ, వాటిని ఇంకెవరికీ నేయకూడదనీ అందులో ఉంది. అది చెబితే ఆయన సంతకం పెట్టడని నాకు తెలుసు. "ఇది అన్నిట్లో ఉండేదేలే బాబాయ్" అని పేజీ తిప్పేశాను. అన్నిట్లో ఉండే మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకున్నందుకే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఆయన కాగితం వైపు చూడనైనా లేదు. చదువుతున్నది ఎవరో చూశాడు, సంతకం పెట్టాడు. నన్ను పంపింది కూడా అందుకేనని నాకప్పుడే తెలుసు. తెలియనట్టు ఉండిపోయాను.

ఏడాది తిరక్కుండానే ఆయన రేపల్లెలో ఒక కొట్టుకి అదే అంచుతో చీరలు నేశాడు. కంపెనీ కనిపెట్టింది. నోటీసు రాయమని ఫైలు నాకే వచ్చింది. వీళ్ళు మాకు తెలిసినవాళ్ళండి, ఇంకెవరికైనా ఇవ్వండి అంటే సరిపోయేది. ప్రమోషన్లు తేల్చే నెల అది. రాశాను, కింద సంతకం పెట్టాను, పంపాను.

తర్వాత సెలవుకి తెనాలి వెళితే, ఆయన పొద్దున్నే కవరు పట్టుకుని మా కొట్టుకి వచ్చాడు.

"అమ్మాయ్, ఇదేదో లాయరు నోటీసంట. ఇంట్లో మీ పిన్ని ఒకటే కంగారు. మనమ్మాయే లాయరైతే మనకి భయమేంటే అన్నాను. ఏంటో చదివి చెప్పమ్మా."

నేను కవరు తెరవలేదు. అందులో ప్రతి ముక్కా నాకు నోటికొచ్చు.

"చేపల అంచు మీరింక బయటివాళ్ళకి నెయ్యకూడదు బాబాయ్. ఆ ఒప్పందంలో ఉంది. ఆ రోజు నేను మీకు చెప్పలేదు. ఈ నోటీసు రాసింది కూడా నేనే. నేను కంపెనీ తరఫు మనిషిని, మీకు సలహా చెప్పకూడదు. వేరే లాయర్ని కలవండి."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నాన్న చేతిలో చీర మడత పెడుతూ ఆగిపోయాడు. బాబాయ్ కాగితం బయటికి తీసి, కింద సంతకం మీద వేలు పెట్టాడు.

"ఇది నీదా?"

"అవును."

కాగితం మడిచి కవర్లో పెట్టాడు. "మరి నేను లాయర్ని పెట్టుకుంటే, నీ ఉద్యోగానికి ఇబ్బందేమో కదమ్మా?"

ఏ ఇబ్బందీ లేదు, వెళ్ళండి అనాలి. నా నోరు పెగల్లేదు. ఆయన దాన్నే జవాబనుకున్నాడు.

ఆ సాయంత్రం మగ్గం మీది అట్టలు దించేశానని నాన్నకి ఫోన్ చేసి, నాతో చెప్పమన్నాడు. సోమవారం ఆఫీసుకి వెళ్ళి, అవతలి పక్షం నోటీసు ప్రకారం నడుచుకుందని మెయిల్ రాశాను. గొడవ లేకుండా చక్కగా ముగించావని మేడమ్ మెచ్చుకున్నారు. థాంక్యూ అని జవాబిచ్చాను.