పదో పెట్టె

గురువారం నాలుగయ్యేసరికి షంషున్నీసా దాదీ స్నానం చేసి, కళ్లకు సుర్మా పెట్టుకుని, మస్కట్‌లోని అజైబాలో తాముండే మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి ఉంటుంది. ఎవరికోసమని అడిగితే "కూరగాయల బండి కోసం" అంటుంది. టమాటాల కోసం అత్తరు పూసుకునే మనిషిని ఎక్కడైనా చూడాలంటే ఆమెనే చూడాలి.

అసలు సంగతి మనవలందరికీ తెలుసు. ఆ బండిలో డ్రైవరు పక్కన ఆమె భర్త దస్తగిర్ దాదా వస్తాడు. రుస్తాఖ్ దగ్గర ఒక తోటలో ముప్పయ్యేళ్లుగా ఆయనకు పని. అన్నేళ్లూ దాదీ కడపలో, దాదా తోటలో. మూడేళ్ల కిందట కొడుకు జావెద్ పిల్లల్ని చూసుకోవడానికని తల్లిని మస్కట్ తెచ్చుకున్నాడు. ఒక్క దేశంలోకి వచ్చిపడినా దాదా నెలకొక్కసారే కనపడేవాడు. కిందటి చలికాలం ఆయన అర్బాబ్, అంటే తోట యజమాని, కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. ఆ వారం మడుల్లో ఏది పండితే అది అట్టపెట్టెల్లో సర్ది, మీద పేర్లు రాసి, మస్కట్‌లో ఇళ్లకు పంపడం. పెట్టెలు మోయడానికి దాదా రావాలి. వచ్చినవాడు శనివారం పొద్దున దాకా ఇంట్లో ఉంటాడు. సరిగ్గా అప్పటినుంచే దాదీకి కూరగాయల మీద అంత ప్రేమ పుట్టింది.

బిల్డింగులో పది ఇళ్లచేత పెట్టెలు తీసుకునేలా చేసింది ఆమే. లిఫ్టులో ఎవరైనా దొరికితే ఊ అనేదాకా దిగనిచ్చేది కాదు.

మార్చి దాకా క్యాబేజీ, బీన్సు, ముల్లంగులతో బాగానే నడిచింది. ఆ తరవాత కూసా దిగింది. చూడ్డానికి దోసకాయలా, కోస్తే లేత సొరకాయలా ఉండే కాయ. ఇక్కడివాళ్లు దాని లోపల తొలిచి అన్నం కూరి వండుకుంటారు. మనవాళ్లకు దాన్నేం చేయాలో తెలీదు. మూడు వారాలు వరసగా పెట్టెకు నాలుగేసి కిలోలు వచ్చేసరికి మూడిళ్లు మానేశాయి.

దాదా ఫోన్ చేశాడు. "అజైబాకు పది పెట్టెలు లేకుంటే బండి దారిలో బర్కాలోనే తిప్పేయమన్నాడు అర్బాబ్. వచ్చే గురువారం దాకా చూస్తాడంట. పోనీలేమ్మే, మునుపటి మాదిరి నెలకొకసారి వస్తాలే."

"మీ కోసం ఎవరు ఏడ్చినారు జీ? తాజా కాయలు పోతాయని నా బాధ."

ఫోన్ పెట్టేసి కొంగు నడుముకు దోపింది. మర్నాడు శనగపప్పూ చింతపండూ వేసి కూసాతో దాల్చా చేసింది. రెండో అంతస్తు జయలక్ష్మి వాళ్లింట్లో తినరని మాంసం వేయలేదు. మానేసిన మూడిళ్లకూ మూడు స్టీలు గిన్నెలు పంపింది.

సాయంత్రానికి గిన్నెలు తిరిగొచ్చాయి. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపే అలవాటు ఆ మూడిళ్లలో ఎవరికీ లేదు. ముగ్గురూ నింపే పంపారు. కూసాకాయలతో. గిన్నెల్లో పట్టనివి సంచుల్లో పెట్టి మరీ ఇచ్చారు.

ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వినవాళ్ల కంచాల్లోకి కూసా వచ్చింది.

దాదీ ఆ కుప్పకేసి చాలాసేపు చూసింది. వండి పంపితే తిని ఊరుకుంటారు, వాళ్ల చేత్తో వండితేగాని దారికి రారు. నాలుగు కాయలు సంచిలో వేసుకుని రెండో అంతస్తుకు దిగింది.

"ఏం జయలక్ష్మీ, మీ కాకినాడలో సొరకాయతో ఏం చేస్తారు?"

"పాలు పోసి కూర వండుతామండి, మామ్మగారూ. ఏం, సొరకాయ దొరికిందా?"

"దాని చెల్లెలు దొరికింది. దీనికీ పాలు పొయ్యి."

"బాగుంటుందంటారా?"

"నేను ఈడనే కూసుంటా. బాగలేకుంటే గిన్నెడూ నేనే తింటా."

కుర్చీ లాక్కుని పొయ్యి పక్కనే కూర్చుంది. సొరకాయకు పట్టే టైములో సగానికే కూర ఉడికింది. జయలక్ష్మి రుచి చూస్తానని మొదలుపెట్టి అన్నం కలుపుకుంది. దాదీకి గరిటెడే మిగిలింది.

అక్కణ్ణుంచి నాలుగో అంతస్తు. తలుపు తీసిన తయ్యబాది హైదరాబాదు, నోరు ఊరుకోదు. "ఖాలా, మళ్లీ దాల్చానా? గిన్నె తెచ్చినవా, ఇప్పుడే నింపిస్త."

"మాటలు చాలు, ఇది తురుము. షాదీల్లో సొరకాయతో చేస్తారే కద్దూ ఖీర్, అదే చెయ్యి."

తయ్యబా నవ్వుతూనే తురిమి, సగ్గుబియ్యం, పాలు పోసి కాచింది. ఖీర్ చల్లారకముందే పిల్లలు గిన్నె నాకేశారు.

రెండిళ్లు తిరిగి దారికొచ్చాయి. తొమ్మిది. మూడో ఇంటాయనకు ఎక్కడో దూరాన రైసూత్ ఫ్యాక్టరీకి బదిలీ అయింది. తలుపు దగ్గరే కట్టిన సామాన్లు చూసి దాదీ వెనక్కొచ్చింది. మిగతా తలుపులన్నీ తట్టింది. ఒకరు బయటే తింటారట, ఒకరు సెలవు మీద ఊరెళ్తున్నారట. బుధవారమైంది. తొమ్మిది తొమ్మిదిగానే ఉంది.

మంచం మీద కూర్చుని అంతస్తులవారీగా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... మూడో అంతస్తు దగ్గర వేలు ఆగిపోయింది. తన గుమ్మం లెక్కలోనే లేదు. తోటలో మిగిలిన వంకర క్యారెట్లూ దెబ్బతిన్న టమాటాలూ దాదా సంచిలో ఊరికే తెస్తాడు కాబట్టి, పెట్టె తీసుకోవాలని ఆమెకు ఎన్నడూ తట్టలేదు. ఊరందరి వెంట పడిన మనిషి తన ఇంటిని మరిచిపోయింది.

ఫోన్ తీసింది. "పేరు రాసుకోండి జీ. షంషున్నీసా, మూడో అంతస్తు."

"నీకెందుకు పెట్టె? సంచి తెస్తాండా కదా."

"వంకర క్యారెట్లు తిని తిని విసుగొచ్చింది. నాకూ పేరు రాసిన పెట్టె కావాల."

దాదా పేరు రాసుకున్నాడు. "అయితే పది" అన్నాడు.

గురువారం బండి వచ్చింది. దాదా తొమ్మిది పెట్టెలూ ఇళ్లకు చేర్చి, పదోది భుజాన పెట్టుకుని మూడో అంతస్తుకు వచ్చాడు. తలుపు తీసే ఉన్నా గుమ్మం బయటే ఆగి, పెట్టె మీద పేరు చదివాడు.

"షంషున్నీసా అంటే ఎవరమ్మా?"

"నేనే. కూసా ఉందా?"

"ఐదు కిలోలు. నీకని ఒక కిలో ఎక్కువేసినా."

"లోపల దించండి" అంది దాదీ, సుర్మా కళ్లు పక్కకు తిప్పుకుని.

శనివారం పొద్దున దాకా ఆయనకు పూటపూటా కూసాయే వడ్డించింది. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు.