అత్త వదలమన్న జాగా

"అమ్మ ఎల్లిపోనాదే. నిద్దట్లోనే," అన్నాడు బావ ఫోన్లో. ఆ ఊపిరిలోనే రెండో ముక్క కూడా అనేశాడు. "పదకొండో రోజుకి ఫ్లెక్సీ కావాల. నీ కాడ అమ్మ ఫొటో ఏదన్నా ఉంటే సూడు. నవ్వతన్నదైతే బాగుంటాది."

మా మేనత్త పోయిన కబురు నాకు ఇలా ఫ్లెక్సీతో కలిసి వచ్చింది. బతికినన్నాళ్లూ ఆవిడ మనసారా ఏవగించుకున్న వస్తువంటూ ఉంటే అదే.

అత్త బాలికల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత శ్రీకాకుళంలో ఒక మందుల షాపు పైగదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్లికార్డులకూ కరపత్రాలకూ షాపుల బోర్డులకూ డిజైన్లు చేసిచ్చేది. ఎమ్మే చదివి, ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పి విసుగెత్తిన నేను ఆవిడ దగ్గర చేరాను. మొదటిరోజు కంప్యూటరు మీటమీద వేలు పెట్టబోతే చేతిమీద ఒక్కటిచ్చింది.

"అదెందుకే ఇప్పుడు? ఏటి సెయ్యాలో నీకే తెల్దు, దానికేటి తెలుస్తాది?"

ముందు పెన్సిలు, చిత్తుకాగితం. అగ్గిపెట్టెంత గళ్లు గీసి ఏది పెద్దది, ఏది చిన్నది, ఏది అక్కర్లేదో అందులోనే తేల్చుకోవాలి. మొదట గీసినదాన్ని ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. "అది నీది కాదే కోడలా. నిన్న నువ్వు రోడ్డుమీద సూసినోడిది," అనేది.

ఇప్పుడు మా ఊళ్లో డిజైనర్లమని చెప్పుకుంటున్నవాళ్లకు ఈ బాధ లేదు. నెట్లోంచి దించిన ఒక సూర్యోదయం, రెండు పావురాలు. పేరు చుట్టూ పసుపు, దాని చుట్టూ ఎరుపు, దాని చుట్టూ తెలుపు. అక్షరానికి చలిజ్వరం వచ్చి మూడు దుప్పట్లు కప్పినట్టుంటుంది. చోటు చాలకపోతే అక్షరాన్ని అడ్డంగా నొక్కుతారు, చోటెక్కువైతే సాగదీస్తారు. పుట్టినరోజుకీ అదే సూర్యుడు, చావుకీ అదే సూర్యుడు. దీనికి క్రియేటివిటీ అని పేరు. ఒళ్లు బద్ధకం అన్న పాతమాట ఉండగా కొత్తమాట దేనికో నాకు తెలియదు.

అత్తతో రోడ్డుమీద నడవాలంటే సిగ్గేసేది. కనిపించిన బోర్డునల్లా, ఎలా రాస్తే అలా, గట్టిగా చదివేది. ఎవరో పోతే కట్టిన ఫ్లెక్సీ ముందు ఆగి, "శ్రద్దాంజలంట!" అని ధకు ఒత్తు లేకుండా పలికి నవ్వింది. "శ్రద్ధనే సరిగ్గా రాయనోడు అంజలేటి పెడతాడే?" ఆ ఇంటివాళ్లు వింటారని నేను చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

ఒకసారి ఓ నాయకుడి అనుచరుడు వచ్చాడు. బోర్డులో తమ బ్యాచీ మొత్తం ఫొటోలు పడాలన్నాడు.

"అందరూ ఉండాల మేడమ్. ఒక్కడు తగ్గినా గొడవైపోద్ది."

"అందరూ ఉండాలంటే బస్సెక్కించు నాయినా, బోర్డెక్కించకు," అంది అత్త.

అతను పక్క షాపుకు వెళ్లిపోయాడు. చాలామంది అలాగే వెళ్లిపోయారు. వెళ్లేవాళ్ల వీపులు చూస్తూ నేను అనుమానపడేదాన్ని. చూసేవాళ్లకు నచ్చనిది మంచిదెలా అవుతుంది? ఇది అభిరుచా, పొగరా? ఆవిడకు మాత్రం ఆ ప్రశ్నే లేదు.

తెలుగు వరసల మధ్య ఇంగ్లీషుకు వదిలినంతే ఎడం వదిలితే ఊరుకునేది కాదు. "ఒత్తు అచ్చరానికి కాలే. గుడి దానికి తల. పైవోడి కాలు కిందోడి నెత్తిన ఎట్టినావు, సూడు." ఎడం పెంచితే కాగితం ఖాళీగా ఉందని ఒకసారి గొణిగాను. "కాళీ మిగిలిపోకూడదు, వదలాల. మిగిలితే దరిద్రం, వదిల్తే మర్యాద," అంది.

అందుకే ఆ ఫ్లెక్సీ నేనే చేస్తానన్నాను. ఆవిడ పేరున కట్టే ఆఖరి బోర్డు ఆవిడ పద్ధతిలో ఉండాలి. నేను ఇవ్వగలిగింది ఇంకేమీ లేదు. పెన్సిలుతో గీసుకున్నాను. నవ్వని ఫొటో ఒకటి, కళ్లద్దాల పైనుంచి మనల్ని తప్పుపడుతున్నట్టు చూసేది. కింద పేరు, దాని కింద శ్రద్ధాంజలి. మిగతా అంతా తెలుపు.

బావకు పంపితే, చూసి వెంటనే ఫోన్ చేశాడు.

"ఇంత కాళీ ఏటే? మావయ్యోల్లు ఏరి? మనవలేరి?"

"అత్తకి ఇలాగే ఇష్టం బావా."

"అమ్మకిష్టమే. సుట్టాలొచ్చి సూసినప్పుడు ఆల్లు లేరంటే నానేటి సెప్పాల?"

చివరికి సరేలెమ్మన్నాడు. నరసన్నపేట అవతల వాళ్ల ఊళ్లో పదకొండో రోజు ఆటో దిగేసరికి ఇంటి ముందు కట్టి ఉంది. ప్రింటు వేసే షాపువాడికి నా తెలుపు చూసి జాలేసిందట. సూర్యోదయం పెట్టాడు. పావురాలు వదిలాడు. బావ పంపిన ఫొటోలన్నీ చుట్టూ పేర్చాడు. ఎప్పుడో పోట్లాడి అత్త గడప తొక్కడం మానేసిన మా చిన్నాన్న అందరికన్నా పెద్దగా నవ్వుతున్నాడు. పేరు సాగింది. శ్రద్దాంజలిలో ఒత్తు పోయింది. వచ్చినవాళ్లందరూ దాని ముందు నిలబడి తమను తాము వెతుక్కుని, దొరికాక భోజనాలకు వెళ్లారు. అత్త మొహం ఎవరూ చూడలేదు. నాకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. ఆ రోతతోనే బావతో మాట్లాడకుండా వచ్చేశాను.

కోతలయ్యాక బావే ఫోన్ చేశాడు, అమ్మ పుస్తకాలు పట్టుకెళ్లమని. నేను వెళ్లేసరికి మబ్బు కమ్మింది. కళ్లంలో ధాన్యం ఆరబోసి ఉంది. బావ ఇంట్లోకి పరుగెత్తి చుట్టిపెట్టిన ఆ ఫ్లెక్సీనే తెచ్చాడు. ఒక కొస నాకిచ్చాడు. ధాన్యం మీద కప్పబోతూ ఆగిపోయాడు.

"తిప్పే. ఇటు కాదు, తిరగెయ్యి."

"ఎందుకు?"

"అమ్మ మొకం మీద వాన పడదా?" అన్నాడు, నావైపు చూడకుండా.

తిరగేశాం. సూర్యుడూ పావురాలూ చుట్టాలూ ధాన్యంలోకి బోర్లాపడ్డారు. వెనకవైపు ఏమీ లేదు, ఈ కొస నుంచి ఆ కొస వరకూ తెలుపే. అంచుల మీద రాళ్లు పెట్టి ఇద్దరం వసారాలోకి వచ్చి నిలబడ్డాం. దానిమీద మొదటి చినుకులు, ఒకదానికొకటి తగలకుండా, దూరదూరంగా పడుతున్నాయి.